ఉండడానికి పనికిరాని ఇల్లు

పదకొండో భాగం

"ఎన్నిసార్లు చదివినా అందులో అక్షరం మారదమ్మాయ్. పక్కన పెట్టెయ్," అంది అత్తగారు మంచం మీంచి.

ఆమె పెట్టలేదు. ఉత్తరాన్ని మోకాలి మీద పరిచి అరచేత్తో సాపు చేసింది. ఆసుపత్రి లాండ్రీలో పదిహేడేళ్ళుగా దుప్పట్లు మడతపెట్టే చెయ్యి అది. ముడత కనిపిస్తే ఊరుకోదు. ఈ కాగితం మాత్రం ఎంత రుద్దినా చదునుకాలేదు.

గోడవతల ప్రింటింగ్ మిషను మొదలైంది. అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి గీరుకున్నాయి. ఆ మోతకి ఆ ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడరు. ఈ రెండు గదుల్లో అద్దెకి దిగి పంతొమ్మిదేళ్ళయింది.

"ఇవాళ మూడింటికి," అంది ఆమె.

గడపమీద కూర్చుని మొగుడు ఉలి నూరుతున్నాడు. తల ఎత్తలేదు. రాయి మీద ఉలి పోతోంది, వస్తోంది.

"వినబడిందా?"

"ఊఁ."

"ఊఁ అంటే? వస్తావా రావా?"

"వస్తాను."

"చొక్కా మార్చుకుంటావా, ఆ రంపపు పొట్టుతోనే వస్తావా?"

అతను ఉలి తిప్పి రెండో వైపు రాయికి ఆనించాడు.

"చెప్పులు కుట్టేవాడి పెళ్ళానికి చెప్పులుండవని విన్నాను," అంది అత్తగారు. "వడ్రంగి పెళ్ళానికి ఇల్లుండి కూడా ఇల్లుండదు. ఇది కొత్త సామెత. ఎవరన్నా రాసుకోండి."

ఆమెకి నవ్వు రాలేదు.

ఉత్తరంలో ఉన్న సంగతి చాలా చిన్నది. మొదటిసారి ఇల్లు కొనుక్కునేవాళ్ళకి ప్రభుత్వం కొంత సాయం ఇస్తుంది. ఇల్లు ఆడమనిషి పేర ఉంటే రిజిస్ట్రేషను పన్ను కూడా మాఫీ. రెండూ వీళ్ళకి వచ్చాయి. అవి రాకపోతే ఆ ఇంటి గడప కూడా కొనగలిగేవాళ్ళు కాదు. దానికి బదులు ప్రభుత్వం అడిగింది ఒక్కటే. తాళాలు చేతికొచ్చిన ఏడాదిలోగా ఆ ఇంట్లో చేరి కాపురం ఉండాలి.

తాళాలొచ్చి పద్నాలుగు నెలలు. కాపురం ఇంకా ఇక్కడే.

పోయినవారం తనిఖీకి వచ్చినవాడు తలుపు తియ్యమని కూడా అడగలేదు. బయట తాళం చూశాడు. నీళ్ళ మీటరు మూత ఎత్తి చూశాడు. "ఈ నీళ్ళతో పిచ్చుక కూడా స్నానం చెయ్యదు" అని పక్కింటివాళ్ళతో అని, రాసుకుని పోయాడు. నాలుగోనాడు ఉత్తరం వచ్చింది. ఇచ్చిన సాయం, మాఫీ చేసిన పన్ను వడ్డీతో సహా ముప్పై రోజుల్లో వెనక్కి కట్టాలి. లేకపోతే ఇల్లు వేలం. చెప్పుకునేది ఏమన్నా ఉంటే విచారణకి వచ్చి చెప్పుకోవచ్చు.

వెనక్కి కట్టడానికి వాళ్ళ దగ్గర ఉన్నది ఆ ఇల్లే.

ఇదంతా ఒక తలుపుతో మొదలైంది. తాళాలిచ్చిన రోజున మొగుడు వీధి తలుపుని వేలి ముడితో తట్టి చూశాడు. డొల్ల. "అట్టముక్క," అన్నాడు. "దీని వెనకాల మిమ్మల్ని పడుకోబెట్టను," అన్నాడు. ఆ మాటకి ఆమె ఆ రోజు మురిసిపోయింది. తలుపయ్యాక కిటికీలు. కిటికీలయ్యాక వంటింటి అలమర్లు. ఆ తర్వాత నేలకి చెక్క పలకలు. ఆరు రోజులూ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు, ఆదివారం ఒక్కటీ తన ఇల్లు. ఇంక చేరదామా అని ఆమె ఎప్పుడడిగినా ఒకటే మాట అనేవాడు. "ఇంకా కాలేదు."

ఆ రెండు మాటల్లో ఏడాది దాటిపోయింది.

*

పదకొండింటికి ఆమె అన్నయ్య వచ్చాడు. కోర్టు గేటు దగ్గర స్టాంపు కాగితాలమ్మి, అర్జీలు రాసిపెడతాడు. బంధువుల్లో ఎవరూ అతన్ని పేరుతో పిలవరు. స్టాంపు అంటే చాలు.

"బావా, లే. మెడ మీదకి కత్తి వస్తుంటే ఉలి నూరుకుంటూ కూర్చున్నావేంటయ్యా?"

"రా బావా," అన్నాడు వడ్రంగి. జరిగి దారిచ్చాడు.

స్టాంపు లోపలికొచ్చి చెల్లెలి చేతిలో ఉత్తరం లాక్కున్నాడు. వెనక్కి తిప్పాడు. వెనకవైపు చీమల బారులాగా సన్నటి అక్షరాలు.

"ఇది చదివావా?"

"అంత చిన్నది ఎవరు చదువుతారన్నయ్యా?"

"ఎవరూ చదవరు. అందుకే నాకు కూడు పుడుతోంది. తొమ్మిదో షరతు విను. ఇల్లు ఉండడానికి పనికిరాని స్థితిలో ఉండి యజమాని చేరలేకపోతే, అధికారి విచారించి ఇంకో ఆర్నెల్లు గడువు ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు అన్నాడు చూశావా? అంటే ఇస్తారు."

"ఆర్నెల్లెందుకు? ఆరు రోజులిస్తే చాలు. రేపే సామాను మోసుకుపోతాను," అంది ఆమె.

"అందుకే చెప్తున్నాను. బావ ఒక్క ముక్క అంటే అయిపోతుంది. ఇల్లు ఉండడానికి పనికిరాదు. బిల్డరు నాసిరకంగా కట్టాడు, నేను బాగుచేసుకుంటున్నాను, ఇంకా కాలేదు. అంతే. ఇందులో అబద్ధం కూడా ఏం లేదు. ఏడాదిగా బావ అంటున్నది అదేగా?"

రాయి మీద ఉలి ఆగింది. వడ్రంగి బొటనవేలితో అంచు చూసుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

"అనవయ్యా ఒకసారి. నోటికి అలవాటవుతుంది. పనికిరాదు. అయిదు అక్షరాలు."

ఉలి పోతోంది, వస్తోంది.

"మౌనం అర్ధాంగీకారం," అన్నాడు స్టాంపు చెల్లెలికేసి కన్నుకొట్టి.

"నీకు వాడు పాతికేళ్ళుగా తెలుసు నాయనా. నాకు కడుపులో ఉన్నప్పట్నుంచీ తెలుసు," అంది అత్తగారు. "వాడి మౌనం అర్ధాంగీకారం కాదు. నిండు మొండితనం."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వారం రోజులకి అదే మొదటి నవ్వు. గుండెలమీంచి రాయి దించినట్టయింది.

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. అతను కాదనకపోతే ఔనన్నట్టే. పెళ్ళి అలాగే కుదిరింది. ఈ రెండు గదులు అలాగే తీసుకున్నారు. కొత్త ఇల్లు కూడా అలాగే కొన్నారు. ఆ లెక్కనే ఆమె లేచి అతని చొక్కా ఇస్త్రీ చేసింది.

*

ఆఫీసులో విచారణ గదిలోకి యజమానిని, ఇంకొకరిని మాత్రమే రానిచ్చారు. స్టాంపు బయట బెంచీ మీద కూలబడి, తలుపు మూసుకునేదాకా బావకి అయిదు వేళ్ళు చూపించాడు. అయిదు అక్షరాలు.

బల్లవతల అధికారి నడివయసు ఆడమనిషి. జలుబు చేసినట్టుంది, చేతిలో రుమాలు. ఆవిడ ముందు ఫైళ్ళు ఇటుకల్లాగా పేర్చి ఉన్నాయి.

"కూర్చోండమ్మా. ఇల్లు ఎవరి పేర?"

"నా పేరే మేడమ్."

"ఎందుకు చేరలేదు?"

ఎంతో మెత్తగా అడిగింది. అరుస్తుందని తయారై వచ్చిన మనిషికి ఆ మెత్తదనానికి ఏం చెప్పాలో తోచలేదు. అన్నయ్య నేర్పింది నోటికి రాలేదు. పక్కకి చూసింది.

"ఆయన వడ్రంగం చేస్తారు మేడమ్. ఇంట్లో పనంతా ఆయన చేతిమీదే. ఆయన్నే అడగండి."

ఆ మాట ఎందుకన్నానా అని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

అధికారి కలం మూత తీసింది. "చెప్పండి. రూలు ప్రకారం నేను అడిగేది ఒకటే. ఇల్లు ఉండడానికి పనికిరాని స్థితిలో ఉందా?"

అడగడంలోనే జవాబు కూడా పెట్టి ఇచ్చింది మహాతల్లి. ఔనంటే చాలు. తలాడించినా రాసుకునేదే.

వడ్రంగి బల్ల అంచుకేసి చూస్తున్నాడు. అంచు పూత లేచి కింద పొట్టు అతికించిన నాసి చెక్క కనబడుతోంది. దాన్ని గోటితో మెల్లిగా నొక్కాడు.

"లేదు మేడమ్," అన్నాడు.

"లేదంటే?"

"ఇల్లు బాగుంది."

ఆమెకి చెవుల్లో ప్రింటింగ్ మిషను మోగినట్టయింది.

"ఆలోచించుకుని చెప్పండి," అంది అధికారి. కలం కాగితానికి ఆనించలేదు. "ఇవ్వాళ కాకపోయినా, ఈ ఏడాదిలో ఎప్పుడైనా..."

"ఎప్పుడూ బాగానే ఉంది మేడమ్. గది తర్వాత గది చేశాను. ఒక గది విప్పితే రెండోది వాడుకునేటట్టే ఉంచాను. వీధి తలుపు మొదటి నెలలోనే అయిపోయింది. వేస్తే వెంట్రుక దూరదు. వానకి కిటికీలో చుక్క పడదు. నేల మీద నీళ్ళు పోసి చూడండి, ఎటూ పారవు. నా చేతిమీద జరిగిన పనిలో ఉండడానికి పనికిరాని ఇల్లు లేదు."

ఏడాది మొత్తం మీద అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడలేదు. చెప్తూంటే మొహం వెలిగింది. చెప్పి ఊరుకున్నాక ఆరిపోయింది. అప్పుడే అర్థమైనట్టుంది, తను ఎక్కడ కూర్చుని చెప్తున్నాడో.

అధికారి రుమాలు ముక్కుకి అద్దుకుంది.

"మీరేమంటారమ్మా? ఇల్లు మీది. రాయాల్సింది మీ వాంగ్మూలం. ఆయన మీ సాక్షి, అంతే."

ఆమె మొగుడికేసి చూడలేదు. చూస్తే మాట రాదని తెలుసు.

"ఆయన చెప్పింది అబద్ధం మేడమ్."

"ఏది అబద్ధం?"

"బాగుందన్నది. ఇల్లు ఉండడానికి పనికిరాదు. ఈ ఏడాదిలో ఎప్పుడూ పనికొచ్చేటట్టు లేదు. చేసిన పని చేసినట్టు ఉండదు. ఆయనకి చెప్పుకోవడానికి సిగ్గు. అందుకని అలా అంటున్నారు."

చివరి రెండు మాటలు ఎవరూ నేర్పలేదు. వాటంతట అవే వచ్చాయి.

పక్కన కుర్చీ కదలలేదు.

అధికారి రాసింది. చదివి వినిపించింది. ఆమె సంతకం పెట్టింది. స్కూల్లో నేర్చుకున్న గుండ్రటి సంతకం, ఒక్కో అక్షరం విడివిడిగా.

"భార్య ఒకటి, భర్త ఒకటి చెప్పారు కాబట్టి నేనే వచ్చి లోపల చూడాలి," అంది అధికారి. "రేపు పదకొండింటికి వస్తాను. పనికిరాదని తేలితే గడువు ఇస్తాను. ఇవ్వాలనే ఉంది నాకు." రుమాలు మడతపెట్టింది. "బాగుంటే మాత్రం తప్పుడు వాంగ్మూలం కింద మీ పేర రాయాలమ్మా. అది మామూలు జరిమానాతో పోదు. మీ ఉద్యోగం ప్రభుత్వాసుపత్రిలో కదా?"

"ఔను మేడమ్."

"మరి చూసుకోండి," అంది. అదే మెత్తటి గొంతు.

*

స్టాంపు బెంచీ మీంచి లేచి ఎదురొచ్చాడు. "అన్నాడా?"

"నేనన్నాను," అంది ఆమె.

చెల్లెలి మొహం, బావ మొహం ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. అర్జీలు రాసేవాడికి మొహాలు చదవడం వచ్చు. చెప్పులేసుకుని, "కోర్టు దగ్గర పనుంది," అని వెళ్ళిపోయాడు.

బస్టాపులో వాళ్ళిద్దరే నిలబడ్డారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.

"నేనేమన్నా నగలడిగానా?" అంది ఆమె.

అతను రోడ్డు కేసి చూస్తున్నాడు.

"వారానికోసారి అడిగాను. ఏమయ్యా, వెళ్దామా? ఏమన్నావు?"

అతను చెప్పు మొనతో మట్టి గీకాడు.

"నోరు తెరు. ఏమన్నావు?"

"ఇంకా కాలేదన్నాను."

"మరి ఇవాళ ఆవిడకేం చెప్పావు? మొదటి నెల నుంచీ బాగుందన్నావు. నాకేమో కాలేదు, ఆవిడకేమో అయిపోయింది. ఒక ఇంటికి రెండు నోళ్ళేంటయ్యా నీకు?"

"నీకు చెప్పింది వేరు."

"ఏం వేరు?"

"నీకోసమైతే ఇంకా కాలేదు." అరచేతి కాయ గీరుకున్నాడు. "ఎవరో వచ్చి ఉండడానికైతే బాగానే ఉంది."

ఆమెకి ఏడవాలో అరవాలో తెలియలేదు. పద్నాలుగు నెలల క్రితం ఆ మాటే అని ఉంటే అతని చెయ్యి పట్టుకుని ఉండేది. ఇప్పుడా మాటకి విలువ లేదు. అదే మాట ఇల్లు ముంచింది.

"నాకోసం అని నువ్వు చేస్తుంటే నేనెక్కడున్నాను? ఆ ప్రెస్సు వెనకాల గ్లాసులు లెక్కపెడుతూ ఉన్నాను. మీ అమ్మ ఆ గదిలో గోడకేసి చూస్తూ ఉంది. కిటికీ ఉన్న గదిలో పడుకోవాలని ఆవిడ అడిగి ఎన్నాళ్ళయింది? నువ్వెప్పుడన్నా విన్నావా?"

"విన్నాను."

"విని?"

"ఆ కిటికీ మూడుసార్లు చేశాను. గడియ అమ్మ చేతికి అందాలని."

ఒక బస్సు వచ్చి ఆగి, వాళ్ళది కాదని తెలుసుకుని వెళ్ళిపోయింది.

"సిగ్గన్నావు," అన్నాడు అతను.

"ఏంటి?"

"చెప్పుకోవడానికి సిగ్గు, అన్నావు."

"ఇల్లు దక్కించుకోవడానికి అన్నాను. నీ నోట్లోంచి రావాల్సిన మాట నువ్వు మింగేస్తే నేనేం చెయ్యను? కక్కాను."

"చేసిన పని చేసినట్టు ఉండదన్నావు."

"అన్నాను! ఇంకా అంటాను. వేలం వేస్తామంటే వీధిలో నిలబడి కూడా అంటాను."

వాళ్ళ బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. వెనక్కి చూస్తే అతను ఎక్కలేదు. నడిచిపోతున్నాడు, బస్సు వెళ్ళే దారినే, ఫుట్‌పాత్ అంచున. బస్సు అతన్ని దాటిపోయింది. తలెత్తి చూడలేదు.

*

"ఏమైంది?" అంది అత్తగారు.

చెప్పింది. ఒక్క మాట దాచకుండా చెప్పింది. చెప్తూ కూరగాయలు తరిగింది, అవసరం లేనన్ని.

ముసలావిడ అంతా విని కాళ్ళు ముడుచుకుంది. ఈసారి సామెత రాలేదు.

"అయితే వాడి మొహం మీద పనికిరాదని రాసొచ్చావన్నమాట."

"ఇంటి గురించి అన్నానత్తయ్యా. ఆయన గురించి కాదు."

"వాడికి ఇల్లూ మొహమూ వేరనుకుంటున్నావా?"

ఆమె కత్తిపీట పక్కకి జరిపింది. "అయితే నాదే తప్పంటారా? మీరైతే ఏం చేసేవారు?"

"నేనైతేనా?" ముసలావిడ గోడకేసి తిరిగింది. "నేనూ అదే అనేదాన్ని. అని, జీవితాంతం ఏడ్చేదాన్ని. నువ్వు నాకంటే గట్టిదానివేమో, ఏడవకపోవచ్చు."

మళ్ళీ ఇటు తిరిగి అంది, "రేపు లోపలికొచ్చి చూస్తే?"

"బాగుందని తెలుస్తుంది."

"తెలిస్తే?"

"నా ఉద్యోగం పోతుంది. ఇల్లూ పోతుంది."

"ఏదో ఒకటి మిగుల్తుందేమో అనుకున్నాను," అంది అత్తగారు.

అతను పొద్దుగుంకాక వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. పళ్ళెం ముందు కూర్చుని సగంలో లేచాడు. ఆమె ఏదో అడగబోయింది. అతను అప్పటికే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అబద్ధం నిజం చెయ్యలేం, నిజం అబద్ధం చెయ్యలేం అనుకుంటూ ఆమె పడుకుంది.

*

తెల్లారి లేచేసరికి అతను లేడు. గడప పక్కన పనిముట్ల పెట్టె లేదు.

లాండ్రీకి సెలవు చెప్పి ఆమె బస్సెక్కింది. దారంతా ఒకటే అనుకుంది. అధికారి కంటే ముందే వెళ్ళి కూర్చున్నాడు. ఇల్లంతా తుడిచి, తలుపులకి నూనె పెట్టి, తన పని చూపించుకోవడానికి తయారవుతున్నాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు. కాళ్ళు పట్టుకోవాలి. అవసరమైతే తాళం వేసి, దారిలోనే అధికారిని ఆపి, నిన్నటి మాట వెనక్కి తీసుకోవాలి.

కొత్త ఇళ్ళ వరసలో వాళ్ళది చివరిది. మలుపు తిరగ్గానే ఏదో తేడాగా కనిపించింది. ఇంటి మొహం మీద నల్లగా పెద్ద బొక్క. దగ్గరికొచ్చాక తెలిసింది. వీధి తలుపు లేదు.

తలుపు మట్టిలో వెల్లకిలా పడి ఉంది. బందులు ఊడిన చోట చెక్క పచ్చిగా కనబడుతోంది.

లోపల కిటికీలు కూడా లేవు. గోడల్లోని ఖాళీల్లోంచి చదరాలుగా వెలుతురు పడుతోంది. వంటింటి అలమరలు ఊడి గోడకి మేకుల గుంటలు మిగిలాయి. ముందుగదిలో సగం నేల లేచిపోయింది. కింద సిమెంటు, దుమ్ము. అతను మోకాళ్ళ మీద కూర్చుని పలక కిందకి ఇనప కమ్మీ దోపుతున్నాడు.

"ఏం చేస్తున్నావు?" అంది గడప దగ్గరే నిలబడి.

"చూస్తున్నావుగా."

"ఆపు."

"పదకొండింటికి కదా ఆవిడొచ్చేది. ఇంకా గంటన్నర ఉంది."

"ఆపమంటున్నానా!"

మేకు కీచుమంది. పలక లేచింది. అతను దాన్ని పక్కన కుప్పమీద పడేశాడు.

"నువ్వు సంతకం పెట్టావు," అన్నాడు. "ఆవిడ లోపలికొచ్చి చూసి బాగుందని రాస్తే నిన్ను ఉద్యోగంలోంచి తీస్తారు."

ఆమె గోడకి ఆనుకుంది. నాకోసమే చేస్తున్నాడా? తర్వాత చెంగు బిగించి ముందుకొచ్చింది.

"నేను మాట వెనక్కి తీసుకుంటాను. భయపడి అన్నానని చెప్తాను. ఆవిడ మంచి మనిషి."

"అప్పుడు ఇల్లు పోతుంది."

"ఇలా ఊడబీకితే ఉంటుందా?"

"ఇలా ఉంటేనే ఉంటుంది. నువ్వే అన్నావుగా."

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది.

"సరే," అంది ఆమె. ఊపిరి తీసుకుంది. "సరే. ఆవిడ చూసి వెళ్ళాక మళ్ళీ బిగిద్దాం. ఆర్నెల్ల గడువు ఇస్తుంది. నేను సెలవు పెట్టి సాయం చేస్తాను. ముందు మీ అమ్మ గది. ఆ కిటికీ పెట్టేసి చేరిపోదాం. మిగతావి మనం ఇక్కడ ఉంటూ చేసుకోవచ్చు. ఏమంటావు?"

అతను ఇంకో పలక సందు వెతుక్కుంటున్నాడు.

"ఏమంటావు? అలాగే కదా?"

ఎప్పటిలాగే కాదనలేదు. ఎప్పటిలాగే ఔననుకోవడానికి ఆమె మనసు సిద్ధమైంది. పలకలు సర్దుదామని కుప్ప దగ్గర కూర్చుంది. చిన్నాపెద్దా కలిసిపోయి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. పైది తీసి పక్కన పెట్టింది. రెండోది తీసింది.

పలక వెనక్కి తిప్పి చూసింది.

అతని పని ఆమెకి తెలుసు. పాత ఇళ్ళలో తలుపులూ అలమర్లూ విప్పి ఇంకోచోట బిగించే పనికి అతను వెళ్ళినప్పుడు ఎన్నోసార్లు అన్నం పట్టుకెళ్ళింది. విప్పే ముందు ప్రతి ముక్క వెనకా పెన్సిలుతో అంకె వేస్తాడు. ఏ గోడ, ఏ వరస, ఎన్నోది. ఒక్కో ముక్కా దాని చోట్లో తప్ప ఇంకోచోట కూర్చోదు, ప్రతిదీ చోటుకి తగ్గట్టు చిత్రిక పట్టి ఉంటుంది. మళ్ళీ బిగించేదానికి అంకె వేస్తాడు. వెయ్యనిది కట్టెల కింద లెక్క.

ఈ పలక మీద అంకె లేదు.

ఇంకోటి తిప్పింది. లేదు. అలమర రెక్కలు తిప్పింది. కిటికీ చట్రాలు తిప్పింది. ఒక్కోటీ గబగబా తిప్పింది. తెల్లటి చెక్క, మేకుల కన్నాలు, దుమ్ము. ఎక్కడా పెన్సిలు గీత లేదు.

పెన్సిలు మాత్రం అతని చెవి సందులో ఉంది.

లేచి వెళ్ళి ఆ పెన్సిలు తీసుకుంది. అతను తీసుకోనిచ్చాడు. మెడ కూడా తిప్పలేదు. కుప్ప దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూలబడి ఒక పలక ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది ఎక్కడిది?"

కమ్మీ పలక కిందకి దిగింది.

"నిన్నే. ఇది ఏ మూలది? తలుపు పక్కదా, కిటికీ కిందదా?"

మేకు కీచుమంది.

"ఏమయ్యా. ఒక్కటి చెప్పు. మొదటిది ఏది? మొదటిది చెబితే మిగతావి నేను పేర్చుకుంటాను."

పెన్సిలు మొన చెక్కకి ఆనించి పట్టుకుంది. ఒకటి అని రాద్దామనుకుంది. ఏది ఒకటో ఆమెకి తెలియదు. తెలిసినవాడు ఆమెకి వీపు పెట్టి ఉన్నాడు.

పలక లేచింది. అతను దాన్ని తెచ్చి, ఆమె ఒళ్ళోని పలక కేసి చూడకుండా, మిగతావాటి మీద పడేశాడు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఇంకా సగం నేల ఉంది.